మిషన్ కట్టుకుంటానన్న మేనకోడలికి

విజయనగరం

అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. బొబ్బిలిలో మీ ఇంటి వెనక రేకుల షెడ్డు ఖాళీ చేయించావని, అందులో సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ (కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ చెక్కనీ లోహాన్నీ కోసేది) సొంతంగా కట్టుకుంటానంటున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన సామాన్ల జాబితా చూశాను. మోటార్లు, డ్రైవర్లు, కంట్రోలర్ బోర్డు, కట్టర్‌ని తిప్పే స్పిండిల్ అన్నీ మోడల్ నంబర్లతో సహా రాశావు. ఫ్రేము దగ్గరకొచ్చేసరికి "స్క్వేర్ పైపు, వెల్డింగ్" అని రెండే రెండు మాటలు రాసి వదిలేశావు. నేను చెప్పదలుచుకున్నది చాలావరకు ఆ రెండు మాటల గురించే.

కంప్యూటర్ చెప్పినట్టు మోటారు తిప్పడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు. ఆర్డుయినో అనే చిన్న బోర్డులో జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఒక సాయంత్రంలో మోటారు తిరుగుతుంది. లోహం ఎదురు తోస్తున్నప్పుడు కూడా కట్టర్ మొన నువ్వు చెప్పిన చోటే ఉండాలి, కష్టమంతా అందులో ఉంది. 1952లో అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్లు మొదటి న్యూమరికల్ కంట్రోల్ మిషన్ చూపించినప్పుడు మిషన్‌ని కొత్తగా కట్టలేదు. సిన్సినాటి కంపెనీ హైడ్రోటెల్ అనే బరువైన మిల్లింగ్ మిషన్ తెచ్చి దానికి కంట్రోల్ తగిలించారు. చిల్లులు కొట్టిన టేపు మీద నుంచి ఆదేశాలు వెళ్లేవి. బిగువైన ఇనుము ముందే చేతిలో ఉంది కాబట్టి వాళ్లు మిగతా బుర్రంతా కంట్రోల్ మీద పెట్టగలిగారు. నీ దగ్గర ఆ ఇనుము లేదు. ముందు అది సంపాదించుకోవాలి.

దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఏం కొయ్యాలనుకుంటున్నావు? జాబితా చివర పనస చెక్క, ఇత్తడి, అల్యూమినియం, స్టీలు అని నాలుగూ రాశావు. స్టీలు కొట్టెయ్. నువ్వు రాసిన స్పిండిల్ 24,000 ఆర్‌పీఎం రకం. స్టీలుకి కావలసిన తక్కువ స్పీడులో దానికి బలం చాలదు. ఎక్కువ స్పీడులో పెడితే కట్టర్ కాలిపోతుంది. మిగతా మూడింటికీ మన చుట్టూ పని ఉంది. మీ ఊరి పక్క గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లకి అలంకారపు ముక్కలు కావాలి. బుడితిలో ఇత్తడి పని చేసేవాళ్లకి నమూనాలు కావాలి. పలాస జీడిపప్పు మిల్లుల్లో చిన్న చిన్న అల్యూమినియం భాగాలు అరిగిపోతూనే ఉంటాయి. వీణ దండి మాత్రం చేత్తో చెక్కేదే, దాని జోలికి వెళ్లకు. వాళ్ల పని తగ్గించే చిన్న సాయం మిషన్ చేస్తే చాలు.

సైజు విషయంలో ఆశ తగ్గించుకో. ముక్క బిగించే బెడ్ నాలుగడుగులది కావాలనుకుంటున్నావు. లోహం కొయ్యడానికి 400 మిల్లీమీటర్లు ఒకవైపు, 300 ఇంకోవైపు కదిలితే నీకు చాలు. ఎందుకంటే ఒక కడ్డీ పొడవు రెట్టింపు చేస్తే అదే బలానికి అది రెండింతలు కాదు, ఎనిమిదింతలు వంగుతుంది. స్పిండిల్‌ని మోసే అడ్డదూలం గ్యాంట్రీకైనా, పైకీ కిందికీ కదిలే జెడ్ యాక్సిస్ కింద వేలాడే స్పిండిల్‌కైనా, చివరికి కొల్లెట్ పట్టులోంచి బయటికి పొడుచుకొచ్చిన కట్టర్‌కైనా ఇదే లెక్క. కట్టర్‌ని పది మిల్లీమీటర్లు లోపలికి తోసి బిగిస్తే వచ్చే లాభం ఒక్కోసారి పెద్ద మోటారు కొన్నా రాదు.

గ్యాంట్రీ కదిలే డిజైన్ గీశావు. చెక్కకి అది బాగానే ఉంటుంది. ఇత్తడి, అల్యూమినియం కూడా కొయ్యాలి కాబట్టి గ్యాంట్రీని కదలకుండా బేస్‌కి బిగించి, కింద బెడ్‌ని కదిలించు. స్థలం ఎక్కువ పడుతుంది, కానీ నీ షెడ్డులో స్థలానికి కొదవలేదు కదా. నిలబెట్టిన రెండు కాళ్ల వెనక ఏటవాలు ప్లేట్లు వెయ్యి. అవి లేకపోతే కీళ్లు వదులైన నులక మంచంలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊగుడు కంటికి కనపడదు, కోసిన ముక్క మీద గీతల్లో కనపడుతుంది.

ఇక వెల్డింగ్. మందం 5, 6 మిల్లీమీటర్లున్న పెద్ద చదరపు పైపు తీసుకో, 80 మిల్లీమీటర్లకి తగ్గొద్దు. ముందు అన్ని చోట్లా చిన్న టాకాలు వేయించు. డయాగనల్స్ రెండూ కొలిచి సమానంగా ఉన్నాయని చూసుకున్నాకే పూర్తి వెల్డింగ్‌కి వెళ్లాలి. ఒకే మూల మీద ఏకబిగిన లాగనివ్వకు. ఇటు కాస్త, అటు కాస్త వేస్తూ మధ్యలో చల్లారనివ్వాలి. ఎంత జాగ్రత్త పడినా వెల్డింగ్ చేసిన ఫ్రేము లాగి కాస్త వంకర పోతుంది, అది ఇనుము స్వభావం. అందుకని కదిలే భాగాలు జారే రైల్స్ కూర్చునే చోట మందపాటి పట్టీలు వెల్డ్ చేయించి, వెల్డింగ్ పని మొత్తం అయ్యాక ఫ్రేముని విశాఖ ఆటోనగర్ తీసుకెళ్లి, పెద్ద మిల్లింగ్ మిషన్ ఉన్న షాపులో ఆ పట్టీలన్నిటినీ ఒకే సెట్టింగ్‌లో చదును చేయించు. ఫ్రేము తిప్పి రెండోసారి బిగించారంటే ఆ డబ్బు సగం వృథా. దగ్గరుండి చూసుకో. ఈ ఖర్చుకి వెనకాడొద్దమ్మా. నీ బడ్జెట్‌లో నేను గట్టిగా పట్టుబట్టేది ఇదొక్కటే. కావాలంటే కంట్రోలర్ చవకది కొనుక్కో, ఏడాది తర్వాత మార్చుకోవచ్చు. ఫ్రేము మార్చలేవు.

అక్కడికి వెళ్లినప్పుడు పాత ఇనుము అమ్మే షాపులు కూడా ఓసారి చూడు. పాడైపోయిన డ్రిల్లింగ్ మిషన్ బేస్ గానీ, పాత మిల్లింగ్ మిషన్ టేబుల్ గానీ పోత ఇనుముది దొరికితే బేరం చేసి తెచ్చుకో. పోత ఇనుము అదురుని మింగేస్తుంది. పైగా ఏళ్ల తరబడి పడి ఉన్నది కాబట్టి లాగాల్సినదంతా ఎప్పుడో లాగేసి ఉంటుంది. స్క్వేర్ పైపుల్లో ఎపాక్సీ, ఇసుక కలిపి నింపినా అదురు బాగా తగ్గుతుంది. నింపే ముందు రైల్స్‌కి కావలసిన కన్నాలు, మరలు అన్నీ పూర్తి చేసుకో.

రైల్స్ బిగించే రోజు తొందర పెట్టుకోకు. మొదటి రైల్‌ని తిన్నని అంచుకి ఆనించి, వెంట్రుకవాసి తేడా చూపించే డయల్ గేజ్‌తో పొడవునా చూసుకుంటూ ఒక్కో బోల్టూ బిగించు. రెండో రైల్ బోల్టులు వదులుగా ఉంచు. బెడ్ ప్లేటుని రైల్స్ మీద జారే నాలుగు బ్లాకుల మీద బిగించి, చేత్తో ఆ చివరికీ ఈ చివరికీ నడిపిస్తూ, ప్లేటు ఎక్కడుంటే అక్కడి బోల్టు బిగిస్తూ రా. రెండో రైల్ తన దారి తనే చూసుకుంటుంది. అన్నీ బిగించాక కళ్లు మూసుకుని ప్లేటుని వేలితో నెట్టు. ఎక్కడైనా బిగుసుకున్నట్టు తగిలితే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే. బలమైన మోటారు దాన్ని లాక్కుపోతుందిలే అని సరిపెట్టుకోవద్దు. బ్లాకుని రైల్ మీద నుంచి ఊరికే బయటికి లాగకు, లోపలి బంతులు రాలి నేలంతా దొర్లుతాయి. దాంతో వచ్చిన ప్లాస్టిక్ ముక్క మీదకి ఎక్కించి తియ్యాలి. మోటారు తిప్పితే బెడ్‌ని జరిపే బాల్ స్క్రూ నట్టుకీ ఇదే జాగ్రత్త.

స్క్రూ బిగించేటప్పుడు నట్టుని ఒక చివరికి తెచ్చి ఆ చివరి బేరింగ్ బిగించు, రెండో చివరికి తీసుకెళ్లి రెండోది బిగించు. మోటారు కప్లింగ్ చుట్టూ నొక్కి పట్టే రకం కొను. చిన్న స్క్రూతో షాఫ్ట్ మీద పొడిచి పట్టేది కొన్నాళ్లకి జారుతుంది. అది జారితే కొలతలు తప్పుతాయి, నువ్వేమో సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతుకుతూ టెన్షన్ పడతావు.

లెక్క కూడా చూద్దాం. నువ్వు రాసిన మోటారు ఒక చుట్టుకి 200 స్టెప్పులు. డ్రైవర్‌లో ఒక్కో స్టెప్పునీ 8 ముక్కలు చేసే మైక్రోస్టెప్ పెడితే 1,600. స్క్రూ ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరుగుతుంది కాబట్టి మిల్లీమీటరుకి 320 స్టెప్పులు. కాగితం మీద ఇది మైక్రాన్లలో ఉంటుంది. అది చూసి మిషన్ అంత కచ్చితంగా ఉందనుకోవద్దు. డయల్ గేజ్ పెట్టి ఒక మిల్లీమీటరు ముందుకి, మళ్లీ వెనక్కి నడిపి ముల్లు మొదటి చోటికి వచ్చిందో లేదో చూడు. రాకపోతే ఆ తేడాయే నీ ప్లే, అంటే మిషన్‌లో ఉన్న వదులు. ఎండాకాలం ఎండ సంగతి కూడా గుర్తుపెట్టుకో. మీటరు పొడవున్న స్టీలు పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.12 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం దాదాపు రెట్టింపు. రేకుల షెడ్డులో పొద్దున్నకీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా సులువుగా వస్తుంది. ఒకే ముక్క మీద కచ్చితమైన పని అంతా ఒక్క పూటలో ముగించుకో. షెడ్డు పైన తాటాకు కప్పిస్తే ఇంకా మంచిది.

కరెంటు గురించి గట్టిగా చెప్పాలి. మన దగ్గర కరెంటు చెప్పి పోదు. జెడ్ యాక్సిస్‌కి బాల్ స్క్రూ పెడుతున్నావు కదా, కరెంటు పోయిన క్షణంలో మోటారు పట్టు వదిలేస్తుంది, స్పిండిల్ బరువుకి స్క్రూ దానంతటదే తిరిగి కిందికి దిగిపోతుంది. బ్రేకు ఉన్న మోటారైనా పెట్టు, బరువుకి సరిపడా ఎదురు బరువైనా వేలాడదీయి. యూపీఎస్ రాశావు చూశాను. కంట్రోలర్‌కీ మోటార్లకీ యూపీఎస్ ఉండి స్పిండిల్‌కి లేకపోతే మరీ ప్రమాదం. స్పిండిల్ ఆగిపోతుంది, మోటార్లు మాత్రం తిరగని కట్టర్‌ని ఇత్తడిలోకి తోసేస్తూ ఉంటాయి. స్పిండిల్ ఆగితే కదలికా ఆగేలా స్పిండిల్‌ని నడిపే వీఎఫ్‌డీ పెట్టెలోని రిలేని కంట్రోలర్‌లో కదలిక ఆపే హోల్డ్ పిన్‌కి కలుపు. కరెంటు తిరిగొచ్చాక ముందు జెడ్‌ని పైకెత్తు, తర్వాత హోమింగ్ చెయ్యి (మిషన్ తన సున్నా చోటు వెతుక్కుంటుంది), ఆ తర్వాతే పని.

ఎమర్జెన్సీ స్టాప్ బటన్ సాఫ్ట్‌వేర్‌కి కబురు పంపేది కాకూడదు. కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ ద్వారా స్పిండిల్‌కీ మోటార్లకీ కరెంటు నేరుగా తెంపాలి. అంచు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్‌లు మామూలుగా మూసి ఉండి, తగిలితే తెరుచుకునే రకంగా కలుపు. అప్పుడు వైరు తెగినా మిషన్ ఆగుతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో మంచి ఎలక్ట్రీషియన్‌తో చూపించు. స్పిండిల్ వైరు షీల్డ్ ఉన్నదే వాడు, లేకపోతే ఏ స్విచ్చూ తగలకుండానే మిషన్ ఆగిపోతూ ఉంటుంది. డ్రైవర్ ఆన్‌లో ఉండగా మోటారు వైరు పీకకు, డ్రైవర్ కాలిపోతుంది. వీఎఫ్‌డీ ఆఫ్ చేసిన వెంటనే మూత తియ్యకు, లోపల కెపాసిటర్లలో కరెంటు కొన్ని నిమిషాల దాకా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ నాకంటే నీకే బాగా తెలుసు. ఫ్రీక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టు, ఖర్చు లేదు. ప్రోగ్రామ్ మొదట్లో జీ21 (కొలతలు మిల్లీమీటర్లలో అని చెప్పే ఆదేశం) ఉందో లేదో ప్రతిసారీ చూసుకో. లేకపోతే, మిషన్ అప్పటికే అంగుళాల్లో ఉంటే, మిల్లీమీటర్లు అంగుళాలైపోయి 25 రెట్లు పరిగెడుతుంది.

కోత మొదలుపెట్టే ముందు స్పిండిల్‌కి డయల్ గేజ్ తగిలించి, బెడ్ మీద 200 మిల్లీమీటర్ల వలయంగా తిప్పు. నాలుగు వైపులా తేడా 0.02 లోపలికి వచ్చేదాకా షిమ్‌లు (పల్చటి రేకు ముక్కలు) వేస్తూ సరిచెయ్యి. ఒక పూట పట్టినా ఫర్వాలేదు. తర్వాత చెక్క మీద, ఆ తర్వాతే అల్యూమినియం. 6 మిల్లీమీటర్ల రెండు పళ్ల కార్బైడ్ కట్టర్ అయితే 10,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 600 మిల్లీమీటర్లు నడుపు. అంటే ఒక్కో పన్ను 0.03 మిల్లీమీటర్లు కోస్తుంది. లోతు అర మిల్లీమీటరుతో మొదలుపెట్టు. భయపడి మరీ నెమ్మదిగా నడిపితే కట్టర్ కొయ్యకుండా రాస్తుంది, వేడెక్కి అల్యూమినియం పళ్లకి అంటుకుంటుంది. లోతు తగ్గించు, వేగం మాత్రం తగ్గించకు.

జడ ముడేసుకో. చున్నీ, గాజులు షెడ్డు గుమ్మం బయటే వదిలెయ్. తిరిగే స్పిండిల్ దగ్గర గ్లవ్స్ వద్దు, చేతిని లోపలికి లాగేస్తాయి. ఇత్తడి రజను సూదుల్లా ఎగురుతుంది, కళ్లద్దాలు లేకుండా ఆ గదిలో ఎవరూ ఉండకూడదు, మీ నాన్నతో సహా. పనస చెక్క పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్కు కట్టుకో. రాత్రి ఒంటరిగా మిషన్ నడపకు. ఈ ఒక్కటీ నా మాట విను తల్లీ.

వానాకాలం తేమకి రైల్స్, స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి. పని అయిపోగానే పొట్టంతా తుడిచి పల్చగా నూనె రాయి. తుపాను కబురు వచ్చిందంటే మెయిన్ తీసేసి, స్పిండిల్‌నీ కంట్రోల్ బాక్సునీ ఇంట్లోకి తెచ్చుకో.

సిరిమానోత్సవానికి మీరంతా ఎలాగూ ఇక్కడికి వస్తారు కదా. అప్పటికి కదలని గ్యాంట్రీతో ఫ్రేము డ్రాయింగ్ మళ్లీ గీసి పట్టుకురా, కూర్చుని చూద్దాం. నా డయల్ గేజ్, మాగ్నెటిక్ స్టాండ్, మూలమట్టం నూనె రాసి పక్కన పెట్టాను, నీతో తీసుకెళ్లు. రైల్స్ మాత్రం అప్పటిదాకా ఆర్డర్ పెట్టకు. ఫ్రేము కొలతలు తేలాకే వాటి పొడవు తేలుతుంది.

మీ అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య