కారు కుదుపు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులతో రాయునది.

కారెక్కితే ఎడ్లబండి ఎక్కినట్టుందనీ, వెనక సీట్లో కూర్చున్న మీ అమ్మకు నడుము నొప్పి తిరగబెట్టిందనీ, మెకానిక్ నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్చాలన్నాడనీ రాశావు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా ఈ పనే చేసినవాడిగా చెబుతున్నాను, అప్పుడే ఆ ఖర్చుకు ఒప్పుకోకు. షాక్ అబ్జార్బర్ అరిగితే బండి మామూలుగా గట్టిపడదు, పట్టు సడలుతుంది. స్ప్రింగు ఊపును అణచడమే దాని పని కాబట్టి, లోపలి నూనె కారిపోయినప్పుడు స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా బండి పడవలా ఊగుతుంది, బ్రేకు వేస్తే ముందుకు వంగుతుంది. పెద్ద గుంతలో స్ప్రింగు పూర్తిగా అణిగి బంప్ స్టాప్ రబ్బరుకు కొట్టుకున్నప్పుడు ‘ధడ్’మని దెబ్బ తగులుతుంది. నువ్వు చెప్పిన బాధ అది కాదు. తారు రోడ్డు మీద చిన్న అతుకు కూడా సీటులోకి తెలుస్తోందన్నావు. అటువంటి కుదుపుకు మూలం ముందుగా టైర్లలో, ఆ తర్వాత రబ్బరు బుష్‌లలో, అంటే ఇనుప భాగాలు కలిసేచోట కుదుపు తగలకుండా పెట్టే రబ్బరు అతుకుల్లో వెతకాలి.

ఉదయం బండి కదపకముందే నాలుగు టైర్లలోనూ గాలి కొలువు. నడిచిన టైరు వేడెక్కి నాలుగైదు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ చూపిస్తుంది కనుక బంకులో చూసిన అంకెను నమ్మలేం. డ్రైవరు తలుపు తీస్తే చట్రానికి అంటించిన స్టిక్కరు కనబడుతుంది; చాలా కార్లకు అందులో తక్కువ మందికి ఒక అంకె, నిండు బరువుకు మరొక అంకె ఉంటాయి. మీ ఇంట్లో ముగ్గురే కాబట్టి మొదటిది చాలు. పని నేర్చిన తొలినాళ్లలో ఒకరి కారుకు ముందు షాకులు రెండూ మార్చి పంపితే, వారం తిరక్కుండా అదే కుదుపుతో తిరిగొచ్చింది. గేజీ పెట్టి చూస్తే నాలుగు చక్రాల్లోనూ ఉండాల్సినదాని కన్నా బాగా ఎక్కువగా 45 పీఎస్‌ఐ గాలి ఉంది, కుదుపు దానివల్లే. ఆయన చేత అనవసరంగా ఖర్చు పెట్టించినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ రోజు నుంచి గాలి చూడకుండా పానా ముట్టుకోలేదు. టైరు పక్కగోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. ఏళ్లు గడిచి రబ్బరు బిగుసుకుంటే పైన గాడులు ఎంత లోతున్నా టైరు కుదుపును మింగలేదు.

తర్వాత చదునైన చోట బండి నిలిపి ఒక్కో మూలను బలంగా కిందికి నొక్కి వదులు. ఒకసారి పైకి లేచి నిలబడితే ఫరవాలేదు, రెండు మూడు సార్లు ఊగితే ఆ మూల షాకు అరిగినట్టే. అసలు కిందికి అణగకపోతే ఏదో పట్టేసిందని అర్థం. పైపైన నూనె చెమర్చడం పెద్ద లోపం కాదు, కారి దుమ్ము ముద్దలు కట్టితే మాత్రం మార్చాల్సిందే, అదీ ఒకే వైపు కాకుండా జతగా. చక్రం మధ్య నుంచి పైనున్న ఫెండరు అంచు దాకా టేపుతో కొలిచి, కుడి ఎడమల తేడా సెంటీమీటరు దాటితే స్ప్రింగు అడుగు చుట్టు విరిగిందేమో చూడాలి. బురద నిలిచేది అక్కడే కాబట్టి తుడిస్తే తప్ప ఆ విరిగిన చోటు కంటికి ఆనదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దు. స్ట్రట్‌ను, అంటే స్ప్రింగూ షాకూ కలిసి ఉండే భాగాన్ని, నువ్వు విప్పవద్దు, అణిగి ఉన్న ఆ స్ప్రింగు ఎగిరితే ప్రాణం తీస్తుంది.

నీ ఉత్తరంలో నన్ను ఆపింది మాత్రం మరొక మాట. సంక్రాంతికి ముందు లోయర్ ఆర్మ్‌లు (ముందు చక్రాలను బండి చట్రానికి కలిపే కింది చేతులు) మార్చారనీ, ఆ పండగ ప్రయాణం నుంచే ఇబ్బంది మొదలైందనీ యథాలాపంగా రాశావు. లోయర్ ఆర్మ్ బుష్‌లో రబ్బరు రెండు ఇనుప గొట్టాల మధ్య అంటుకుని ఉంటుంది, ఆర్మ్ కదిలినప్పుడు అది జారదు, మెలి తిరుగుతుంది. బండి లిఫ్టు మీద ఉండి చక్రాలు వేలాడుతుండగా ఆ బోల్టులు పూర్తిగా బిగిస్తే, కిందికి దించిన క్షణం నుంచీ రబ్బరు మెలిపడే ఉంటుంది. అప్పుడది అదనపు స్ప్రింగులా ఎదురు తంతూ బండిని గట్టిగా నడిపిస్తుంది, కొన్నాళ్లకు తానే చిరుగుతుంది. తొందరలో ఉన్న షెడ్లలో ఈ పొరపాటు నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. దీనికి కొత్త సామాను అక్కర్లేదు. ఆ బోల్టులు వదులు చేయించి, బండి తన బరువుతో చక్రాల మీద నిలబడ్డాక నాలుగుసార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన బిగువుకు బిగించమని దగ్గరుండి అడుగు. ఆపైన వీల్ అలైన్‌మెంట్ చూపించు.

అయితే ఆ బుష్‌లు ముందు చక్రాలవి, అమ్మ కూర్చునేది వెనక. కాబట్టి వెనక టైర్లలో ఉన్న గాలి ఎంతో, నాలుగు మూలల ఎత్తు ఎంతో కాగితం మీద రాసి ఆదివారం లోగా నాకు పంపు. అంతవరకూ దూర ప్రయాణాలకు అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టు.

ఇట్లు,
మీ మావయ్య