‘ఉచితం’ అంటే తగినదా, డబ్బు అక్కర్లేనిదా?

సందేహం: ఉచితం అంటే ‘తగినది’ అని బడిలో నేర్చుకున్నాం. ఎన్నికలు వస్తే చాలు, పేపర్ల నిండా ‘ఉచితాలు’, ‘ఉచిత హామీలు’. ఇది తప్పు కాదా? ఇక్కడ రేషన్ బియ్యాన్ని తమిళంలో ‘విలైయిల్లా అరిసి’ అంటారు. మనమూ ‘వెలలేని బియ్యం’ అనవచ్చా? (పెరంబూరు, చెన్నై నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, బడిలో మీరు నేర్చుకున్నది అక్షరాలా నిజం. సంస్కృతంలో ఉచితానికి డబ్బుతో పనిలేదు. తగినది, అలవాటైనది అనే అర్థాలే. సముచితం, అనుచితం, ఔచిత్యం అన్నీ ఆ ఇంటి పిల్లలే. వాటి జోలికి ఇప్పుడు పోను. మీ ఉత్తరం చదవగానే నాకు పోతన గుర్తొచ్చాడు, ఆయన దగ్గర కాసేపు ఆగుదాం.

వామనుడు వచ్చి నిలబడ్డాడు. బలి చక్రవర్తి ఏం కావాలో అడగమన్నాడు. ‘వరచేలంబులొ మాడలో ఫలములో వన్యంబులో గోవులో’ అని మొదలుపెట్టి గుర్రాలు, రత్నాలు, రథాలు, ఏనుగులు, ఇళ్లు, ఊళ్లు, చివరికి ధరణీఖండం దాకా ఏకరువు పెట్టాడు. దానికి ఆ వడుగు, అంటే బ్రహ్మచారి వామనుడు, చెప్పిన జవాబు ఇది:

గొడుగో, జన్నిదమో, కమండలువొ, నాకున్ ముంజియో, దండమో,
వడు గే నెక్కడ, భూము లెక్కడ, కరుల్ వామాక్షు లశ్వంబు లె
క్కడ, నిత్యోచితకర్మ మెక్కడ, మదాకాంక్షామితంబైన మూ
డడుగుల్ మేరయ త్రోవ కిచ్చుటది బ్రహ్మాండంబు నా పాలికిన్.

మూడో పాదం చూడండి. ‘నిత్యోచితకర్మ మెక్కడ’. రోజూ నేను చేసుకోవలసిన, నాకు తగిన పని ఎక్కడ, ఈ ఏనుగులూ గుర్రాలూ ఎక్కడ అంటున్నాడు. తెలుగులో ఇంతకంటే పెద్ద దానం కథ లేదు. అంత దానం మధ్యలో కూడా ఉచితం అంటే తగినదే. ఇవ్వడానికి పోతనకు ‘ఇచ్చు’ అనే మాట చాలింది. ఇచ్చేవాడి జాబితా ఎంత పొడుగైనా, తనకేది తగునో తేల్చుకున్నవాడు పుచ్చుకునేవాడు. ఈ పద్యం నేను వందసార్లు చదివి ఉంటాను, ఆ పాదం దగ్గర ప్రతిసారీ ఆగుతాను.

మరి ‘తగినది’ కాస్తా ‘డబ్బు అక్కర్లేనిది’ ఎలా అయింది? మనిషికి తగినట్టు ఇచ్చే మర్యాద, ఆ మర్యాదగా ఇచ్చిన వస్తువు, ఆపైన వెల పుచ్చుకోకుండా ఇచ్చినది ఏదైనా. అర్థం ఈ దారినే జారి ఉంటుందని నా ఊహ. కన్నడంలోనూ ఉచిత అంటే ఈ రెండర్థాలూ ఉన్నాయి. కర్ణాటకలో 2023 జూన్‌లో ఆడవాళ్లు డబ్బు కట్టకుండా బస్సెక్కే శక్తి పథకం పెట్టినప్పుడు ‘ఉచిత ప్రయాణ’ అనే రాశారు.

ఆ మాటకొస్తే, సర్కారు ఇచ్చేదాన్ని ఏమని పిలవాలన్నది రాజ్యం ఎవరిదన్న దాన్ని బట్టే మారింది. జనానికి ఓటు లేని రోజుల్లో డబ్బు తీసుకోని ఆసుపత్రి ధర్మాసుపత్రి, పూటకు అన్నం పెట్టేది ధర్మసత్రం. ఇచ్చినవాడికి పుణ్యం, అంతే. ఇప్పటికీ ‘ఉత్తపుణ్యానికి వచ్చింది’ అంటాం. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టింది. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, మన తెలుగువాడే. చెన్నైలోని టీ నగర్, అంటే త్యాగరాయ నగర్, ఆయన పేరే. ఆ ఏడు శాసనమండలి ఎన్నికల్లో ఆస్తీ పన్నూ ఉన్న మగవాళ్లకే ఓటు. 1952 ఎన్నికల నాటికి వయసొచ్చిన అందరికీ ఓటు వచ్చింది. అప్పుడు ‘ధర్మం’ పక్కకు తప్పుకుని ‘హామీ’ వచ్చింది. 1967లో డీఎంకే రూపాయికి మూడు పడుల (పడి అంటే ఒక కొలత) బియ్యం అంది. గెలిచాక చెన్నై, కోయంబత్తూరుల్లో ఒక పడి ఇచ్చింది. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సీటు వాళ్లదే అయ్యే పద్ధతి మనది. 1996లో అన్నాడీఎంకేకి నూటికి 21 ఓట్లు వచ్చినా 234 సీట్లలో నాలుగే దక్కాయి. కాస్త గాలి మారితే సర్వం పోయే చోట, పార్టీలు ప్రతి వంటింటికీ చేరే వస్తువు వెతుక్కోవడంలో వింత లేదు.

ఇలాంటి హామీలకు పేపర్లు పెట్టే పేర్లలో నాకు కోపం తెప్పించేది ‘తాయిలాలు’. పిల్లవాడు ఏడవకుండా చేతిలో పెట్టే తినుబండారం తాయిలం. ఓటరు ఏడ్చే పిల్లవాడు కాదు. ఆకలితో బడికొచ్చిన పిల్లకు పెట్టే అన్నమూ తాయిలం కాదు. 2013లో సుప్రీంకోర్టు కూడా మేనిఫెస్టోలో ఇస్తామన్న వస్తువులు చట్టం చెప్పే అవినీతి చర్య కిందికి రావంది. అదే నోటితో అవి నిష్పాక్షిక ఎన్నికలను కదిలిస్తాయనీ, నియమాలు పెట్టమనీ ఎన్నికల సంఘానికి చెప్పింది. కోర్టే అంత ఆచితూచి మాట్లాడితే హెడ్డింగు రాసేవాళ్లకు తొందరెందుకు?

‘ఉచిత హామీ’ కూడా సరిగ్గా అతకదు. హామీ ఎప్పుడూ ఉచితమే, దానికెవరూ డబ్బు పుచ్చుకోరు. ఉచితంగా వచ్చేది బియ్యం, బస్సు ప్రయాణం. ‘బియ్యం ఉచితంగా ఇస్తామన్న హామీ’ అంటే పోయేది రెండు మాటల చోటు.

ఇక వెలలేని బియ్యం. తమిళ విలై, మన వెల ఒక్కటే మాట. 2011లో జయలలిత ప్రభుత్వం ‘విలైయిల్లా’ అని పేరు పెట్టింది, వాళ్లకు చక్కగా నప్పింది. మనకు మాత్రం వెలలేనిది అంటే వెల కట్టలేనిది. వెలలేని రత్నం అన్నట్టు వెలలేని బియ్యం అవుతుంది. కాబట్టి వద్దు. ‘వెల తీసుకోకుండా’ అనండి, లేదా ‘ఊరికే’ అనండి.

‘ఉచితంగా’ అనే క్రియావిశేషణం జనం నోట స్థిరపడింది, దాన్ని తప్పనలేను. ‘ఉచిత బియ్యం’ దాకా ఒప్పుకుంటాను. ‘ఉచితాలు’ అన్న బహువచన నామం నా చెవికి ఎక్కదు. అయినా నిఘంటువులు రేపు దాన్ని చేర్చుకుంటే అడ్డుపడను. మీరు రాసేటప్పుడు మాత్రం దాని బదులు ఆ వస్తువు పేరు రాయండి.