ఎన్నారై సందేహాలు: సైకిల్ ముందు సీట్లో చంటిపాప

ప్రశ్న: మేము నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్వేన్‌కి వచ్చి నాలుగు నెలలయింది. పాపకి పదకొండో నెల. కారు లేదు. క్రెష్ మా ఇంటికి రెండున్నర కిలోమీటర్లు. ఇక్కడ అందరూ పిల్లల్ని సైకిల్ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్తున్నారు, మనమూ కొందామంటున్నారు మావారు. నాకు ధైర్యం చాలడం లేదు. నేను ఆఖరిసారి సైకిల్ తొక్కింది టెన్త్ క్లాసులో. మాటవరసకి ఈ సంగతి చెబితే మా అత్తయ్యగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. ఏం చేయమంటారు?

జవాబు: కొనుక్కోండమ్మా. కానీ మీరు భయపడాల్సిన చోటు వేరే ఉంది. ముందు అది చెప్తాను.

మీ కళ్ళముందు ఏం మెదులుతోందో నాకు తెలుసు. వేగంగా వెళ్తుంటే కారు అడ్డం రావడం, పాపతో సహా కింద పడటం. నేను 2011లో ఈ ఊరు వచ్చాను. మా బాబుని ముందు సీట్లో దాదాపు రెండేళ్ళు తిప్పాను. పిల్లాడు సీట్లో ఉండగా సైకిల్ పడిపోవడం ఇన్నేళ్ళలో నాలుగైదుసార్లు చూశాను. ప్రతిసారీ ఆ సైకిల్ ఆగే ఉంది. అందులో ఒకటి నాదే.

వాడికప్పుడు పద్నాలుగు నెలలు. సరుకులు కొని దుకాణం బయటికొచ్చాను. వాడిని సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను, సైకిల్ సైడు స్టాండు మీద ఉంది. కింద పెట్టిన పాల సంచి తీసుకుందామని వంగాను. అటుగా ఎవరిదో కుక్క వెళ్తోంది. దాన్ని చూడాలని వాడు పక్కకి ఒరిగాడు, హ్యాండిల్ తిరిగింది, సైకిల్ పడింది. రెండు క్షణాలు కూడా పట్టలేదు. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదు. పెదవి చిట్లింది. ఆ రక్తం చూసి నేను రోడ్డు మీదే కూర్చుండిపోయాను.

అలా ఎందుకు పడుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. ముందు సీటుని చాలావరకు హ్యాండిల్ కిందుండే గొట్టానికి బిగిస్తారు. అంటే హ్యాండిల్ ఎటు తిరిగితే పిల్ల అటు తిరుగుతుంది, పిల్ల ఎటు ఒరిగితే హ్యాండిల్ అటు తిరుగుతుంది. పది కిలోల బరువు ఒక పక్కకి వెళ్ళాక వెనక చక్రం దగ్గరుండే ఒంటి కాలు స్టాండు ఆ సైకిల్‌ని ఆపలేదు. అందుకే ఇక్కడి తల్లుల సైకిళ్ళకి రెండు కాళ్ళ స్టాండు ఉంటుంది, మన ఊళ్ళో పాత సైకిళ్ళకుండే సెంటర్ స్టాండు లాంటిది. దానితోపాటు హ్యాండిల్ ఊరికే తిరిగిపోకుండా పట్టి ఉంచే స్ప్రింగు ఒకటి దొరుకుతుంది. రెండూ వేయించుకోండి. సీటుకి పెట్టే డబ్బు కంటే ఈ రెండిటికి పెట్టే డబ్బే ముఖ్యం అంటాను నేను.

స్టాండు ఎంత గట్టిదైనా దాన్ని నమ్మి చెయ్యి వదలకండి. సంచులు ముందు సర్దుకోండి, తాళం తీయండి, మీ గ్లోవ్స్ వేసుకోండి, ఫోను లోపల పెట్టేయండి. అన్నీ అయ్యాక ఆఖరున పాపని ఎక్కించండి. దిగేటప్పుడు అన్నిటికంటే ముందు పాపని దించండి, తాళం, సంచులు ఆ తర్వాత. పాప సీట్లో ఉన్నంతసేపు మీ నడుము సైకిల్‌కి ఆనించి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద ఉంచండి. తాళంచెవి కింద పడితే పాపని దించి, అప్పుడు వంగి తీసుకోండి. విసుగ్గా ఉంటుంది. అయినా అలాగే చేయండి.

ఇక వయసు సంగతి. ముందు సీటుని ఇక్కడ ‘ఫోర్‌జిట్యే’ అంటారు. కంపెనీలు సాధారణంగా తొమ్మిది నెలల నుంచి మూడేళ్ళ వరకు, 15 కిలోల లోపు అని రాస్తాయి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం ఏడాది నిండేదాకా వద్దంటుంది. నన్నడిగితే నెలలు లెక్కపెట్టడం కంటే పాపని చూడండి. ఆసరా లేకుండా చాలాసేపు నిటారుగా కూర్చుంటోందా? హెల్మెట్ పెట్టాక కూడా మెడ తిన్నగా నిలుపుతోందా? టీకాలకి తీసుకెళ్ళే కన్సల్టాట్సీ‌బ్యూరోలో డాక్టరుని ఒకమాట అడగండి, వాళ్ళకి ఇది రోజూ వచ్చే ప్రశ్నే. మీ పాపకి పదకొండో నెలే కదా, ఒక నెల ఆగినా నష్టం లేదు. ఆ నెల మీకు కావాలి, ఎందుకో కింద చెప్తాను.

ఇక్కడి చట్టం ప్రకారం ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని సైకిల్ మీద తీసుకెళ్ళాలంటే వీపుకీ చేతులకీ కాళ్ళకీ ఆసరా ఉన్న సీటు ఉండాలి. హెల్మెట్ తప్పనిసరి కాదు, డచ్ పిల్లలు చాలామంది పెట్టుకోరు. వాళ్ళని చూసి మీరు మానేయకండి. మా వాడి తలని కాపాడింది అదే. మన వాళ్ళలో వేరే దేశాల్లో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే మీ రూల్ మీరు చూసుకోండి. న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది లోపు పిల్లల్ని సైకిల్ మీద ఎక్కించడమే నిషేధం, ఆస్ట్రేలియాలో దాదాపు అన్నిచోట్లా పెద్దలకీ హెల్మెట్ ఉండాలి.

సీటు సెకండ్ హ్యాండ్‌ది కొన్నా ఫర్వాలేదు, వాడిన వస్తువులు అమ్మే వెబ్‌సైట్ మార్క్ట్‌ప్లాట్స్‌లో బోలెడు ఉంటాయి. బెల్టు బకిల్ టక్కున పడుతోందా, ప్లాస్టిక్‌లో ఎక్కడైనా పగులుందా, పాదాల దగ్గరి పట్టీలు రెండూ ఉన్నాయా చూడండి. పట్టీ లేకపోతే కొనకండి, లేదా కొత్త పట్టీ తెప్పించాకే వాడండి. వేలాడే పాదం చక్రం స్పోక్స్‌లోకి వెళ్ళిందంటే గాయం చాలా పెద్దదవుతుంది. కొనేముందు మీ సైకిల్ హ్యాండిల్ గొట్టం ఫోటో షాపులో చూపించండి. పాత రకం డచ్ సైకిళ్ళకి సీటు నేరుగా బిగుస్తుంది. కొత్త రకం వాటికి, చాలా ఎలక్ట్రిక్ సైకిళ్ళకి, మధ్యలో అడాప్టర్ కావాలి. మీకూ మీవారికీ చెరో సైకిల్ ఉంటే బ్రాకెట్ ఒకటి అదనంగా కొనుక్కోండి, సీటు మాత్రం ఒకటే చాలు. ఉదయం ఒకరు దింపి సాయంత్రం ఇంకొకరు తెచ్చే ఇళ్ళల్లో ఇది ఎంత హాయో వాడితే గానీ తెలియదు. బిగించిన వారానికి బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించండి.

సైకిల్ విషయంలో మన ఆడవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. ఇక్కడ అందరూ ఎక్కే ఎత్తయిన సైకిలే మనమూ కొనేస్తాం. ఐదడుగుల రెండంగుళాల మనిషికి అది గుర్రం. మీరు సీటు మీద నుంచి జారి దిగగానే రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి. మధ్యలో అడ్డ కడ్డీ లేనిది తీసుకోండి. దాన్ని ఇక్కడ ‘ఓమాఫీట్స్’ అంటారు, అమ్మమ్మ సైకిల్ అని అర్థం. వెనక చక్రానికి రెండు పక్కలా కవరు ఉందో లేదో చూడండి. అది కోటు అంచులు చిక్కుకోకుండా పెట్టింది, మన చున్నీకి అంతకంటే ఎక్కువ అవసరం. అయినా చున్నీ వేసుకుని పాపతో వెళ్ళకండి. ఇంకొకటి, చాలా సైకిళ్ళకి చేతి బ్రేకు ఉండదు, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. ఆగాక మళ్ళీ బయల్దేరాలంటే పెడల్‌ని కావలసిన చోటికి వెనక్కి తిప్పుకోలేం. ముందు బరువుతో సిగ్నల్ దగ్గర అది పెద్ద టెన్షన్. మీలాగా ఇన్నేళ్ళ తర్వాత ఎక్కుతున్నవాళ్ళు రెండు చేతి బ్రేకులున్నదే అడగండి.

ఇప్పుడు ఆ నెల సంగతి. మొదటి రెండు వారాలు ఒక్కరే తొక్కండి. మీకు దగ్గర్లోనే ఆమ్‌స్టర్‌డామ్సే బోస్ అనే అడవి పార్కు ఉంది. వెడల్పాటి సైకిల్ దారులు, కార్లు రావు. ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. మూడో వారం ఇండియన్ స్టోర్‌లో తెచ్చిన పది కిలోల సోనా మసూరి సంచిని సీట్లో పెట్టి బెల్టు కట్టండి. ఏడాది పిల్ల బరువు ఇంచుమించు అంతే. ఎక్కడం, దిగడం, మెల్లగా వెళ్ళడం, మలుపు తిరగడం, అన్నీ ఆ సంచితో చేయండి. మోకాళ్ళు సీటుకి తగులుతున్నాయనిపిస్తుంది, కొంచెం బయటికి పెట్టి తొక్కడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. మెల్లగా వెళ్ళేటప్పుడే హ్యాండిల్ బరువుగా లాగుతుందనీ, వేగం అందుకోగానే అది పోతుందనీ మీకే తెలుస్తుంది. మలుపు తిరిగేముందు చెయ్యి చాపి చూపించాలి కదా, అంటే బరువున్న హ్యాండిల్‌ని ఒంటి చేత్తో పట్టుకోవాలి. ఆ ఒక్కటి వంద సార్లు ప్రాక్టీసు చేయండి. ఎడమ చేత్తో కూడా.

తర్వాత ఆ సంచితోనే క్రెష్ దాకా వెళ్ళి రండి. ఇక్కడ కుడి పక్కన వెళ్ళాలి, మన అలవాటు ఎడమ. కూడలిలో నేల మీద తెల్లటి త్రిభుజాలు గీసి ఉంటాయి, వాటిని సొరచేప పళ్ళు అంటారు. ఆ మొనలు మీవైపు చూస్తుంటే ఆగాల్సింది మీరు. ఏ గుర్తూ లేని చోట మీ కుడి నుంచి వచ్చేవాళ్ళకి దారి ఇవ్వాలి. ట్రామ్ పట్టాలు దాటేటప్పుడు అడ్డంగా దాటండి, ఏటవాలుగా వెళ్తే చక్రం సందులో దిగబడుతుంది. వానలో ఆ పట్టాలు సబ్బులా ఉంటాయి.

చలి గురించి మనం తక్కువ అంచనా వేస్తాం. తొక్కేది మనం కాబట్టి మనకి చెమట పడుతుంది. పాప కదలకుండా కూర్చుని గాలికి ఎదురుగా ఉంటుంది, మనకి తగలాల్సిన గాలి కూడా తనే ఆపుతుంది. ముందు అద్దం లాంటి విండ్‌స్క్రీన్ పెట్టించుకోండి. అయితే ఈదురుగాలిలో అదే తెరచాపలా లాగుతుంది, వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిన రోజు బస్సులో వెళ్ళండి, నేల మీద మంచు గడ్డకట్టిన రోజు కూడా అంతే. పొడుగు మఫ్లరు వద్దు. హెల్మెట్ కింద పట్టే పల్చటి మంకీ క్యాప్ మన ఊళ్ళోనే దొరుకుతుంది, అత్తయ్యగారిని పంపమనండి. కోటు మందం మారినప్పుడల్లా బెల్టు మళ్ళీ సరిచూసుకోండి. బయల్దేరేముందు వాన రాడార్ యాప్ చూడటం ఇక్కడ దేవుడికి దణ్ణం పెట్టుకోవడంతో సమానం. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పాప నిద్రపోతుంది, తల ముందుకు వాలిపోతుంది. హ్యాండిల్‌కి తగిలించే మెత్తటి దిండు దొరుకుతుంది, అది తీసుకోండి. అది లేనిరోజు ఆగి, దించి, ఎత్తుకుని నడవండి.

ఇంత చెప్పాక కూడా కొనమనే అంటున్నాను. ఎందుకంటే వెనక సీట్లో కూర్చున్న పిల్ల మీ వీపుని చూస్తుంది, ముందు సీట్లో ఉన్న పిల్ల మీ రెండు చేతుల మధ్య ఉంటుంది. మీరు గుసగుసలాడినా వినిపిస్తుంది. మా వాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్రెష్‌లో డచ్ వినేవాడు. ఇంటికొచ్చాక వంట, స్నానం, నిద్ర. మా ఇద్దరికీ తెలుగు మిగిలింది దారిలో సైకిల్ మీదుండే ఆ పావుగంటలోనే. కాలవ పక్కన కొంగ నిలబడితే కొంగ అనేదాన్ని. బాతు, పడవ, గొర్రె, వంతెన, ఎదురుగాలి. వంతెన ఎక్కేటప్పుడు ‘ఎక్కుతున్నాం, ఎక్కుతున్నాం’ అని, దిగేటప్పుడు ‘జర్రు’ అని. వాడి మొదటి తెలుగు మాటల్లో సగం ఆ సీట్లో వచ్చినవే. రెండేళ్ళ తొమ్మిది నెలలకి వాడి హెల్మెట్ నా గడ్డానికి తగలడం మొదలైంది, వెనక్కి మార్చాను. మీకు దొరికేదీ సుమారు అంతే కాలం.

అత్తయ్యగారితో వాదించకండి. ఆవిడ కళ్ళలో ఉన్న రోడ్డు వేరు. ఈ దేశంలో కూడా 1971లో రోడ్ల మీద దాదాపు 3,300 మంది పోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పోరాడాక, కార్ల నుంచి వేరుగా ఈ ఎర్రటి సైకిల్ దారులు పెరుగుతూ వచ్చాయి. అది ఫోన్లో చెప్తే ఆవిడకి ఎక్కదు. వచ్చినప్పుడు పొద్దున ఎనిమిదిన్నరకి బడి ముందు పది నిమిషాలు నిలబెట్టండి.

మా అమ్మ 2014 మేలో వచ్చింది. మొదటిరోజు నేను వాడిని ఎక్కిస్తుంటే లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. రెండోరోజు గుమ్మంలో నిలబడింది. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టుకుని సంతకి తీసుకెళ్ళేవారు, బెల్టూ లేదు, హెల్మెట్టూ లేదు. అది గుర్తొచ్చిందో ఏమో నేను అడగలేదు. మూడోరోజు నేను వాడికి చెప్పులు తొడిగి బయటికొచ్చేసరికి అమ్మ సైకిల్ దగ్గర ఉంది. రాత్రి కురిసిన వానకి తడిసిన సీటుని కొంగుతో తుడుస్తోంది.