నిలువు ఫోటో అడ్డం ఫ్లెక్సీకి ఎందుకు సరిపోదు? యాస్పెక్ట్ రేషియో లెక్క ఎలా కట్టాలి?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి ఫోటో ఫోన్లో తీసి 12 బై 8 ఫ్లెక్సీకి ఇస్తే డిజైన్ చేసే కుర్రాడు నుదురు దగ్గర కోసేశాడు, అడిగితే ‘రేషియో కలవలేదండి’ అన్నాడు. ఆ రేషియో ఏంటి, ముందే మనం ఎలా లెక్కేసుకోవాలి అని.

మీ ఇంట్లో తల తెగింది. మా ఇంట్లో ఒళ్లు వచ్చింది.

మాది రాజోలు వైపు. మా బాబాయి షష్టిపూర్తికి ఫోటో నేనే తీశాను, ఇంటి వెనక కొబ్బరితోటలో, ఫోన్ నిలువుగా పట్టుకుని. ఫ్లెక్సీ 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. ప్రింటింగ్ షాపులో కోయనూ లేదు, ఖాళీ వదలనూ లేదు, రెండు పక్కలా పట్టుకుని సాగదీసేశారు. పొద్దున్నే పందిరి ముందు కట్టాక చూస్తే బాబాయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డట్టున్నాడు. మా పెద్దత్త ఫ్లెక్సీనీ, తమ్ముణ్ణీ మార్చి మార్చి చూసి, “ఏరా, ఆత్రేయపురం పూతరేకులన్నీ నువ్వే తినేశావా?” అంది. ఆ రోజంతా అదే మాట.

సాయంత్రం కూర్చుని లెక్క కడితే బాబాయి సరిగ్గా రెండింతలయ్యాడని తేలింది. ‘సరిగ్గా’ అన్నది వెటకారానికి కాదండీ, చూడండి. యాస్పెక్ట్ రేషియో అంటే వెడల్పుకీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తి, అంతే. ముందు వెడల్పు చెప్పాలి, తర్వాత ఎత్తు. నా ఫోటో వెడల్పు 3000 పిక్సెల్స్ (ఫోటో తయారయ్యే చిన్న చిన్న చుక్కలు), ఎత్తు 4000. భాగిస్తే 0.75. ఫ్లెక్సీ 12ని 8తో భాగిస్తే 1.5. ఇప్పుడు 1.5ని 0.75తో భాగించండి. 2 వస్తుంది. బాబాయికి వచ్చిన ఒళ్లు అదే.

సాగదీయకుండా కోసి ఉంటే? వెడల్పు 3000 మొత్తం ఉంచుకోవాలంటే ఎత్తు 3000 ÷ 1.5, అంటే 2000 ఉండాలి. 4000లో సగం పోవాల్సిందే. కాబట్టి మీ కుర్రాణ్ణి మరీ తిట్టకండి, వాడి కత్తెరకి నుదురో, నడుమో ఏదో ఒకటి తప్పదు. అదే ఫోన్ అడ్డంగా పట్టుకుని తీస్తే ఫోటో 4000 బై 3000. కావలసిన ఎత్తు 4000 ÷ 1.5, సుమారు 2667. పోయేది 333 పిక్సెల్స్ మాత్రమే. తల మీద కాస్త ఆకాశం వదిలి తీశారంటే కోసినట్టే తెలియదు.

రేషియో వేరు, సైజు వేరు. 6 బై 4 అంగుళాల ప్రింటుకీ, 12 బై 8 అడుగుల ఫ్లెక్సీకీ రేషియో ఒకటే, 3:2. రెండు వైపులా ఒకే కొలత వాడితే చాలు.

దశాంశం కాకుండా 16:9 లాంటి అంకెలు కావాలంటే స్కూల్లో నేర్చుకున్న గ.సా.భా. బయటికి తీయండి. 1920 బై 1080 వీడియో ఉందనుకోండి. 1920ని 1080తో భాగిస్తే శేషం 840. 1080ని 840తో భాగిస్తే 240. 840ని 240తో భాగిస్తే 120. 240లో 120 శేషం లేకుండా పోతుంది. రెండు అంకెల్నీ 120తో భాగిస్తే 16, 9. కానీ నాకు దశాంశమే ఇష్టం. 1366 బై 768 ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి గ.సా.భా. కడితే 683:384 అని వస్తుంది, దాన్ని చూసి ఎవరికేం అర్థమవుతుంది? దశాంశంలో 1.779. 16:9 అంటే 1.778. రెండూ దాదాపు ఒకటేనని చూడగానే తెలిసిపోతుంది.

వీడియోకీ ఇదే లెక్క. ఓ కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లి, ప్రభలు (దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకెళ్లే ఎత్తైన అలంకరించిన వెదురు చట్రాలు) కౌశిక కాలువ దాటుతుంటే నిలువుగా తీశాను. ప్రభ నిలువుగానే ఉంటుంది కదా, ఫోన్లో చూస్తే అద్భుతం. ఇంటికొచ్చి టీవీలో పెడితే మధ్యలో సన్నటి చీలిక, అటూ ఇటూ నలుపు. 1080 ఎత్తు ఉన్న టీవీలో 9:16 వీడియోకి దక్కే వెడల్పు 1080 × 9 ÷ 16, సుమారు 607 పిక్సెల్స్. తెరలో మూడో వంతు కూడా కాదు.

ఈ 16:9 పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. 1980ల్లో కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజనీరు, పాత టీవీ 4:3 మొదలుకుని సినిమాస్కోప్ 2.35 దాకా వాడుకలో ఉన్న చట్రాలన్నీ ఒకే వైశాల్యంతో కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాడు. అన్నింటినీ ఇముడ్చుకునే బయటి చట్రం, అన్నింటికీ ఉమ్మడిగా మిగిలే లోపలి చట్రం రెండూ దాదాపు 1.77 దగ్గరే తేలాయి. అందుకే టీవీలో ఏ సినిమా వేసినా నలుపు మరీ ఎక్కువ రాదు. కాకపోతే ఆ పేర్చిన వాటిలో నిలువుది ఒక్కటీ లేదు!

పాత పెళ్లి డీవీడీలు మాత్రం ఈ లెక్కకి లొంగవు. 720 బై 576 అని చూపిస్తుంది, భాగిస్తే 1.25. కానీ అందులో పిక్సెల్ చదరం కాదు, చూడాల్సింది 4:3గానో, 16:9గానో. పెళ్లికూతురు బక్కగానో, బొద్దుగానో కనిపిస్తే ప్లేయర్‌లో రేషియో మార్చి చూడండి.

ఇక మీ ఫోటో సంగతి. మళ్లీ తీసే వీల్లేకపోతే దాన్ని ఫ్లెక్సీ అంతా పరచమని అడగకండి. 8 అడుగుల ఎత్తుకి 0.75 చొప్పున ఫోటో వెడల్పు 6 అడుగులు, అంటే ఫ్లెక్సీలో సరిగ్గా సగం. ఎడమ సగంలో నాన్నగారు, కుడి సగంలో పేర్లూ ముహూర్తమూ. మేం రెండోసారి అలాగే వేయించాం. మొదటిది ఇప్పుడు కళ్లంలో ధాన్యం రాశి మీద కప్పుతున్నాం.