సాగదీస్తున్నారని విసుక్కుంటూనే సీరియళ్లను రోజూ ఎందుకు చూస్తారు?
అలవాటు ఒక కారణమే గాని, అసలు బలం కథనంలో ఉంది. ఇంటిపని చేసుకుంటూ చూసేవారికి కథ నెమ్మదిగా నడవడం, జరిగినదాన్నే పాత్రలు మళ్లీ చెప్పుకోవడం అనుకూలమే, ఎందుకంటే రెండు రోజులు చూడకపోయినా కథ అందుతుంది. 1930లలో అమెరికా రేడియోలో సబ్బుల కంపెనీల ప్రాయోజకత్వంతో పగటిపూట ధారావాహికలు వచ్చిన నాటి నుంచీ ఈ పద్ధతి ఉంది. తెరమీది వ్యక్తులతో ప్రేక్షకులకు ఏర్పడే ఏకపక్ష సాన్నిహిత్యాన్ని హోర్టన్, వోల్ అనే పరిశోధకులు 1956లోనే వివరించారు. చూసేవారిని తెలివితక్కువవారుగా తీసిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం. సీరియల్లో కోడలు చేసింది తప్పా ఒప్పా అని వాదించుకునేవారు నిజానికి తమ విలువలనే చర్చించుకుంటున్నారు. సాగదీత మీద ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే: ప్రకటనల ఆదాయం వస్తున్నంతకాలం ముగింపు వాయిదా పడుతూనే ఉంటుంది.