‘నో మోటో’ అన్న చీటీ చూసి ధర పెట్టకు

చిరంజీవి శ్రీకాంత్‌ను ఆశీర్వదించి మీ మామయ్య వ్రాయునది.

డాలస్‌లో నాణేల ప్రదర్శనకు వెళ్లి 1908 నాటి ఇరవై డాలర్ల బంగారు నాణెం ఒకటి చూశావని, చీటీ మీద ‘నో మోటో’ అని ఉన్నందున అది చాలా అరుదైనదని అమ్మకందారు చెప్పాడని రాశావు. డబ్బు కట్టకముందే అడిగావు, సంతోషం. ఆ నాణెం అసలైనదే కావచ్చు గాని, టంకశాల గుర్తు (ఏ ఊరి టంకశాలలో ముద్రించారో చెప్పే చిన్న అక్షరం) లేనిదైతే మాత్రం అరుదైనది కాదు.

అమెరికా బంగారు నాణేలు సేకరించేవారి ఉద్దేశంలో ‘మోటో’ అంటే ‘ఇన్ గాడ్ వి ట్రస్ట్’ అనే దైవ వాక్యం ఒక్కటే; అది లేని నాణెమే ‘నో మోటో’. పాత లిబర్టీ (స్వేచ్ఛాదేవత తల ఉన్న) ఇరవై డాలర్ల నాణెం బొరుసు వైపు రిబ్బను మీద ‘ఇ ప్లూరిబస్ యూనమ్’ అని లాటిన్‌లో ఉంటుంది. అది చూసి మోటో ఉందనుకోకూడదు. అంతర్యుద్ధ కాలంలో, 1861లో, పెన్సిల్వేనియాకు చెందిన వాట్కిన్సన్ అనే క్రైస్తవ మతబోధకుడు నాణేలపై దేవుని ప్రస్తావన ఉండాలని ఖజానా కార్యదర్శి సాల్మన్ చేజ్‌కు ఉత్తరం రాయగా, ఆయన తగిన వాక్యం సిద్ధం చేయమని టంకశాలను ఆదేశించాడు. ఆ వాక్యం 1864లో రెండు సెంట్ల నాణెం మీదికి, 1866లో ఐదు, పది, ఇరవై డాలర్ల బంగారు నాణేల మీదికి వచ్చింది. ఒక డాలరు, మూడు డాలర్ల బంగారు నాణేలపైన గాని, 1907 వరకు వచ్చిన లిబర్టీ రెండున్నర డాలర్ల నాణెంపైన గాని అది ఎన్నడూ లేదు. కాబట్టి వాటిని ఎవరైనా ‘నో మోటో’ అని గొప్పగా చూపిస్తే నవ్వి ఊరుకో.

1866కు ముందటి బంగారు నాణేలన్నీ నో మోటోలే; వాటి విలువను సంవత్సరం, టంకశాల, నాణెం స్థితి నిర్ణయిస్తాయి. నిజంగా వెతకదగినవి మార్పు జరిగిన ఏడాదివి. 1866 మొదట్లో శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల పాత అచ్చులతోనే సుమారు 12,000 ఇరవై డాలర్ల నాణేలను మోటో లేకుండా ముద్రించింది. 1866 అంకె, బొరుసు వైపు గద్ద తోక కింద చిన్న ‘ఎస్’ అక్షరం, గద్ద తలపైన నక్షత్రాల వలయం లోపల ఖాళీ, ఈ మూడూ ఒకే నాణెం మీద ఉంటే అది సామాన్యుల అందుబాటులో ఉండదు. అంత విలువైనది కనుక మోసగాళ్లకూ దాని మీదే కన్ను.

ఇక నీ నాణెం సంగతి. 1907లో శిల్పి ఆగస్టస్ సెయింట్-గాడెన్స్ రూపకల్పనతో కొత్త నాణెం వచ్చినప్పుడు, డబ్బు మీద దేవుని పేరు వేయడం అపచారమని భావించిన అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ వాక్యాన్ని తీసివేయించాడు. దేవుని బొమ్మ ఉన్న కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే మనబోటివాళ్లకు ఆయన అభ్యంతరం సులువుగానే అర్థమవుతుంది గాని, అమెరికా ప్రజలు మండిపడ్డారు. 1908 మే నెలలో కాంగ్రెస్ చట్టం చేసి దాన్ని తిరిగి వేయించింది. ఆలోగా ఫిలడెల్ఫియా టంకశాల 1908 అంకెతో మోటో లేని ఇరవై డాలర్ల నాణేలను 42,71,551 ముద్రించింది. మోటోతో అదే ఏడాది అక్కడ వచ్చినవి సుమారు 1,56,000. శాన్ ఫ్రాన్సిస్కోలో మోటోతో వచ్చినవి 22,000 మాత్రమే. అంటే ఆ ఏడాదికి దైవ వాక్యం ఉన్నదే అరుదు. పైగా 1990లలో బయటపడిన ఒక్క నిల్వలోనే దాదాపు 19,900 మోటో లేని 1908 నాణేలు, చాలా వరకు మెరుపు తగ్గకుండా, సంతకు వచ్చాయి. కనుక ‘చూడు, ఎంత కొత్తగా ఉందో’ అన్న మాటకూ లొంగకు.

ఈ నాణెంలో టంకశాల గుర్తు బొమ్మ వైపు సంవత్సరానికి పైన ఉంటుంది. ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియాది. మోటో ఉన్నదైతే బొరుసు వైపు అడుగున ఉదయించే సూర్యుని మీద వంపుగా కనిపిస్తుంది. బరువు 33.436 గ్రాములు, అంటే మన లెక్కలో నాలుగు కాసులకు కొంచెం పైన. అయితే నూటికి 90 పాళ్లే బంగారం, మన 916 నగల కంటే తక్కువ. అసలు పసిడి 30.09 గ్రాములు. ఆ రోజు ధరతో దాన్ని గుణించి, అతడు ఆపైన ఎంత అడుగుతున్నాడో చూడు. స్వల్పమైతే కొను. నో మోటో పేరుతో రెట్టింపు అడిగితే వదిలెయ్యి.

నాణెం పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ (నాణేలను పరీక్షించి ధ్రువీకరించే సంస్థలు) పెట్టెలో ఉంటే, చీటీ మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిపోల్చుకో. విడిగా ఉంటే భూతద్దంతో పై అంచు చూడు. కొక్కెం అతికించి మెడలో వేసుకున్న నాణేలకు అక్కడ టంకం మరకో, సానపట్టిన గీతలో మిగిలి ఉంటాయి, అవి ఉంటే బంగారం ధరే ధర. కొన్న తరువాత మీ అమ్మ చెప్పిందని కంసాలి దగ్గర మెరుగు పెట్టించడం గాని, గీటురాయి మీద గీయించడం గాని చేయించకు. అతడు చెప్పిన ధర, నాణెం రెండు వైపుల ఫొటోలు పంపితే చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య