వాన లెక్కలు ఎందుకు కలవవు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా మండలం రెయిన్‌గేజ్ పదేళ్ల రోజువారీ లెక్కల్ని ఈఆర్ఏ-5 రీఅనాలిసిస్ (పాత పరిశీలనలను కంప్యూటర్ మోడల్‌తో కలిపి తిరిగి కట్టిన వాతావరణ రికార్డు) వర్షపాతంతో పోల్చాను. సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1) 0.3 కూడా రాలేదు. గేజ్‌లో 70 మి.మీ. నమోదైన రోజు ఈఆర్ఏ-5లో 15 మాత్రమే ఉంది. దేన్ని నమ్మాలి?
– పరిశోధక విద్యార్థి, అనంతపురం

జవాబు: నమ్మకం సంగతి తర్వాత. ముందు తేదీలు చూడండి, సగం తగాదా అక్కడే తేలిపోతుంది. మన దేశంలో గేజ్‌ను ఉదయం 8.30కి కొలుస్తారు. అంటే ఈ రోజు తేదీ కింద రాసిన వాన నిన్న 8.30 నుంచి నేటి 8.30 దాకా పడింది. ఈఆర్ఏ-5 గంటలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటాయి; మన 8.30 అంటే అక్కడ 03.00. మీరు 00 నుంచి 24 యూటీసీ దాకా కూడి ఉంటే, ఆ మొత్తంలో 21 గంటల వాన గేజ్ పుస్తకంలో మర్నాటి తేదీ కింద ఉంటుంది. ప్రతి విలువా ఆ సమయానికి ముగిసిన గంటలో పడిన వాన కాబట్టి, ముందురోజు 04.00 నుంచి ఈ రోజు 03.00 దాకా 24 విలువలు కూడండి. అవి మీటర్లలో ఉంటాయి, 1000తో గుణించండి. నెలవారీ సగటు ఫైలు తీసుకున్నవాళ్లు ఇంకోచోట దెబ్బతింటారు: అందులో ఉండేది రోజుకు మీటర్లు. నెలలో ఎన్ని రోజులో దానితోనూ గుణించాలి.

సరిచేశాక గేజ్ వరుసను ఒక రోజు ముందుకీ, ఒక రోజు వెనక్కీ జరిపి సహసంబంధం మళ్లీ కట్టండి. జరిపినప్పుడే ఎక్కువ వస్తే తేదీ ఇంకా తప్పే. కొలిచిన వానను ముందురోజు తేదీ కింద రాసే రిజిస్టర్లూ ఉంటాయి.

గేజ్‌నూ వదలొద్దు. ఆదివారాలన్నీ ఒకచోట, సోమవారాలన్నీ ఒకచోట, ఇలా ఏ వారానికి ఆ వారం మొత్తాలు కట్టి చూడండి. ఆదివారం తక్కువగా, సోమవారం ఎక్కువగా ఉంటే సెలవునాడు కొలవకుండా రెండు రోజుల వాన కలిపి రాశారన్నమాట. రిజిస్టర్లో ఖాళీగా వదిలిన రోజును సున్నాగా లెక్కవేయడం అంతకంటే పెద్ద తప్పు. కొలజాడీ కూడా చూడండి: గేజ్ మూతి 200 చదరపు సెం.మీ. అయితే 1 మి.మీ. వానకు 20 మి.లీ. నీళ్లు, 100 అయితే 10 మి.లీ. ఒకదాని జాడీ ఇంకోదానికి వాడితే లెక్క రెట్టింపో సగమో అవుతుంది. చెట్టుకో గోడకో దాని ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో గేజ్ ఉండాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా 70కి 70 రాదు. ఈఆర్ఏ-5 నేలను గడులుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్క అంకె ఇస్తుంది. 0.25 డిగ్రీల ఆ గడి మీ దగ్గర సుమారు 750 చదరపు కి.మీ. ఆ గడి మొత్తం మీద సగటును 200 చదరపు సెం.మీ. మూతితో పోలుస్తున్నారు. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వానల్లో ఆ తేడా సహజం. పైగా మన గేజ్ లెక్కలు ఈఆర్ఏ-5లోకి వెళ్లవు. గాలి, తేమ, ఉష్ణోగ్రతల పరిశీలనలతో మోడల్‌ను సరిదిద్ది, 06, 18 యూటీసీలకు మొదలయ్యే స్వల్పకాలిక అంచనాలనుంచి వానను తీస్తారు. వీలైతే ఆ గడిలో ఉన్న గేజ్‌లన్నిటి సగటు తీసి పోల్చండి. ఒక్క గేజే ఉంటే పది రోజుల, నెల మొత్తాలకు పరిమితం కండి.

ప్రశ్న: జులైలో ఈఆర్ఏ-5 దాదాపు రోజూ వాన చూపిస్తోంది. బెట్ట రోజులు లెక్కపెట్టడానికి పనికొస్తుందా?
– వ్యవసాయ విస్తరణ ఉద్యోగి, మహబూబ్‌నగర్

జవాబు: ఉన్నది ఉన్నట్టుగా పనికిరాదు. గడికంటే చిన్న మేఘాలను మోడల్ విడిగా చూడలేదు, వాటి ప్రభావాన్ని సూత్రాలతో అంచనా కడుతుంది. అందుకే తుంపర రోజులు ఎక్కువ, కుంభవృష్టి తక్కువ. వాతావరణ శాఖ లెక్కలో వర్షపు రోజు అంటే 2.5 మి.మీ. లేదా ఎక్కువ. ముందు ఆ హద్దు పెట్టి రెండింటినీ పోల్చండి. గేజ్‌లో 40 వర్షపు రోజులు ఉండి, ఈఆర్ఏ-5 వాటిలో 32 పట్టుకుందనుకుందాం: పట్టు 0.8. బాగుందనిపిస్తుంది. కానీ అది మొత్తం 60 రోజులు చూపితే 28 ఉత్తవే, అంటే 0.47. ఈ రెండో అంకె లేకుండా మొదటిది చెప్పే నివేదికను పక్కన పెట్టేయండి.

గేజ్‌లోని వర్షపు రోజుల సంఖ్యకు సరిపోయేదాకా ఈఆర్ఏ-5 హద్దును పెంచి, కొత్త హద్దుతో బెట్ట లెక్కించవచ్చు. నెలనెలకూ వేరే హద్దు కావాలి. సగం సంవత్సరాలతో హద్దు కట్టి, మిగతా సగంతో పరీక్షించండి. ఈ సవరణ రోజుల సంఖ్యను సరిచేస్తుంది గానీ, పడని రోజు చూపిన వానను పడిన రోజుకు జరపలేదు. ఒక ఊరి పంటనష్టానికి దీన్ని సాక్ష్యంగా పెట్టొద్దు.

ప్రశ్న: 9 కి.మీ. గడులుండే ఈఆర్ఏ-5 ల్యాండ్ (నేలకు మాత్రమే ఉన్న రూపం) వాడితే మేలా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: వానకైతే పెద్ద లాభం లేదు. అందులోని వాన ఈఆర్ఏ-5 వానను చిన్న గడులకు సర్దినదే. పైగా ఒక చిక్కు: విలువలు 00 యూటీసీ నుంచి కూడుకుంటూ పోతాయి. 8.30 లెక్క కావాలంటే ఈ రోజు 00 విలువలోంచి నిన్నటి 03 విలువ తీసేసి, ఈ రోజు 03 విలువ కలపాలి.

ప్రశ్న: ఈఆర్ఏ-5 1940 నుంచి ఉంది కదా, వాన తగ్గిందో పెరిగిందో దానితో చెప్పొచ్చా?
– అధ్యాపకురాలు, విశాఖపట్నం

జవాబు: ఒక్కదానితో చెప్పొద్దు. 1970ల చివర ఉపగ్రహ సమాచారం పెద్దయెత్తున చేరాక మోడల్‌కు అందే పరిశీలనలే మారిపోయాయి. ఆ మార్పు వాన ధోరణిలా కనబడగలదు. 1901 నుంచి ఉన్న వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గ్రిడ్‌తో (గేజ్ లెక్కలను గడులకు సర్దిన పట్టికతో) పోల్చండి. దానిలోనూ గేజ్‌ల సంఖ్య ఏడాదికేడాది మారుతుంది, కాబట్టి మొదటినుంచీ ఆగకుండా నడిచిన కేంద్రాల లెక్క విడిగా వేసి చూడండి. ఫైల్లో -999 కనిపిస్తే లెక్క లేదని అర్థం, అది వాన కాదు.